ఆ అణా ఎక్కడికి పోయింది?

ఈ సంచికకు ఏదైనా వ్రాసి పంపమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు కాలేజీ జ్ఞాపకాలు వ్రాద్దామా అనుకున్నాను. హాస్టలు సాంబారు గురించీ, ఎన్నికల రోజుల్లో గోడల మీది వ్రాతల గురించీ ప్రతి సంవత్సరం ఎవరో ఒక పూర్వ విద్యార్థి వ్రాస్తూనే ఉన్నారు. నేను లెక్కల విద్యార్థిని. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. కనుక ఒక లెక్క గురించే వ్రాస్తాను. భయపడకండి, కలన గణితం కాదు. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉన్న లాభనష్టాల లెక్క. బ్యాంకు పరీక్షలోనూ, రైల్వే పరీక్షలోనూ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలోనూ, అమెరికా వెళ్ళేవాళ్ళు వ్రాసే జి.ఆర్.ఇ.లోనూ వేషాలు మార్చుకుని ఎదురయ్యేది ఈ లెక్కే. మీలో చాలామంది ఈ పాటికి కొన్ని వందలు చేసి ఉంటారు.

అంత చిన్న లెక్క గురించి ఇంత పెద్ద వ్యాసం దేనికని అడగవచ్చు. ఆ లెక్క నాకు పరీక్షలో వచ్చింది, మా కొట్లో రాలేదు. అందుకని.

మాది చీరాల. నాన్నగారిది చిన్న బట్టల కొట్టు. నేను ఇక్కడ ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్న రోజులు. 1979 సంక్రాంతికి పదిరోజుల ముందు నాన్నగారికి గుంటూరులో శుక్లం ఆపరేషనయింది. ఆ రోజుల్లో శుక్లం తీస్తే కన్నుకు కట్టు కట్టి రోజుల తరబడి కదలవద్దనేవారు. పండగ బేరాలు పోతాయని ఆయన బాధ. సెలవలకు ఇంటికి వచ్చిన నేను, "కొట్టు సంగతి నేను చూసుకుంటాను నాన్నగారూ, మీరు నిశ్చింతగా ఉండండి" అని ధైర్యం చెప్పి పంపాను.

మర్నాడే ఎదురుగా ఉన్న పెద్ద దుకాణం వాళ్ళు "25 శాతం తగ్గింపు" అని గుడ్డ బ్యానరు కట్టారు. జనమంతా అటే. మా గుమస్తా శేషయ్యగారు దిగాలుగా కూర్చున్నారు. నాకొక ఉపాయం తట్టింది. పాత సరుకు కొంత ఉంది, దాన్ని కొన్న వెలకైనా వదిలించుకోవాలని నాన్నగారు ఎప్పటినుంచో అంటున్నారు. సరే, కొన్న వెల మీద 25 శాతం ఎక్కించి చీటీలు వేద్దాం, మనమూ "25 శాతం తగ్గింపు" బోర్డు పెడదాం. ఎక్కించిందీ దించిందీ సమానమే కాబట్టి అసలు అసలుగా వస్తుంది, సరుకు కదులుతుంది. సరికి సరి.

శేషయ్యగారు తల గోక్కుని, "ఏమో అబ్బాయిగారూ, పెద్దయ్యగారిని ఒక్క మాట అడిగితే..." అన్నారు. "లెక్కల ఎమ్మెస్సీ వాడికి లెక్క చెబుతారా?" అని నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఈ రోజుకీ సిగ్గేస్తుంది.

సరుకు బాగానే కదిలింది. నాన్నగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగి వచ్చేసరికి బీరువాలు సగం ఖాళీ. నేను గొప్పగా చిట్టా చదివి వినిపించాను. అమ్మిన సరుకు కొన్న వెల ఎనిమిది వేలు. గల్లాపెట్టెలోకి వచ్చింది ఏడు వేల అయిదు వందలు. చదువుతూ చదువుతూ నేనే ఆగిపోయాను. ఎవరో దొంగిలించారనుకున్నాను. భగవంతుడు క్షమించాలి, ఒక్క క్షణం శేషయ్యగారి వంక అనుమానంగా చూశాను కూడా.

నాన్నగారు కాగితం అడగలేదు, పెన్సిలు అడగలేదు. అప్పటికి ఆయనకు సరిగ్గా కనబడటం లేదు కూడాను. "ఎంత ఎక్కించావురా?" అన్నారు. "పాతిక శాతం." "అంటే రూపాయికి పావలా. ఎంత దించావు?" "అదీ పావలాయే." ఆయన అన్న మాట నాకు అక్షరాలా గుర్తుంది: "ఎక్కించిన పావలా రూపాయి మీద. దించింది రూపాయి పావలా మీద. ఆ పావలా మీద కూడా పావలా దించావు కదరా! పావలాలో పావలా ఎంత? అణా. రూపాయికి అణా చొప్పున పోయింది. ఎనిమిది వేల రూపాయలకి ఎనిమిది వేల అణాలు. పదహారుతో భాగించు, అయిదు వందలు. శేషయ్యను చూడకు, ఆ అణా తీసింది నువ్వే."

మన దేశంలో 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి, అణాలు పోయాయి. నాన్నగారి లెక్క మాత్రం చివరిదాకా అణాల్లోనే నడిచింది. రూపాయిలో పదహారో వంతు అణా. నూటికి లెక్కేస్తే 6.25. నూరు రూపాయల సరుకు మీద 25 శాతం ఎక్కిస్తే 125. అందులో 25 శాతం తీసేస్తే 31.25 పోయి 93.75 మిగులుతుంది. నష్టం 6.25 శాతం.

అయిదు వందలంటే ఆ రోజుల్లో నా మెస్సు బిల్లు నాలుగు నెలలకు పైగా వచ్చేది. అయితే సొమ్ము పోవడంకన్నా నన్ను ఎక్కువ బాధించిన సంగతి వేరే ఉంది. అంతకు రెండు నెలల ముందే నేనొక బ్యాంకు ఉద్యోగాల పరీక్ష వ్రాశాను. అందులో అచ్చం ఇదే లెక్క వచ్చింది, అంకెలు మాత్రం వేరు. "x శాతం పెంచి, x శాతం తగ్గిస్తే నష్టం x వర్గం బై నూరు" అని నోటికి వచ్చిన సూత్రం వేసి, అర నిమిషంలో జవాబు గుర్తుపెట్టి, పక్క లెక్కకు పోయాను. జవాబు కరెక్టే. ఆ సూత్రం నా బుర్రలో ఉండగానే కొట్లో ఆ పని చేశాను! పరీక్షలో "ఒక వర్తకుడు" అని ఉంటే తప్ప నాకది లాభనష్టాల లెక్క అని తోచలేదు. మా నాన్న వర్తకుడే అన్న సంగతి నా చదువుకు తెలియలేదు.

*

ఇక నా అభిప్రాయం చెబుతాను. ఈ లెక్కలన్నిటిలోనూ ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న: దేని మీద? శాతం అనేది తనంతట తాను ఏమీ కాదు. కొన్న వెల మీదా, ప్రకటిత వెల మీదా, అమ్మిన వెల మీదా అన్నది తేలనిదే 25 శాతం అనే మాటకు అర్థం లేదు. పరీక్షలో ప్రశ్న తయారుచేసేవారు పన్నే ఉచ్చులన్నీ సరిగ్గా ఇక్కడే ఉంటాయి. నాలుగు చూపిస్తాను.

మొదటిది. ఒక వర్తకుడు కొన్న వెల మీద 40 శాతం ఎక్కువగా ప్రకటిత వెల వేసి, దాని మీద 25 శాతం తగ్గింపు ఇచ్చాడు. లాభమెంత? ఇచ్చిన జవాబుల్లో 15 తప్పకుండా ఉంటుంది, తొందరపడేవాడి కోసం. నిజానికి నూరు నూట నలభై అయింది. నూట నలభైలో పాతిక శాతం 35. మిగిలింది 105. లాభం 5 శాతమే.

రెండవది. 20 శాతం తగ్గింపు ఇచ్చినా 20 శాతం లాభం మిగలాలంటే ఎంత శాతం ఎక్కించాలి? తొందరపడేవాడు 40 అంటాడు. కొన్న వెల నూరైతే నూట ఇరవైకి అమ్మాలి. ఆ నూట ఇరవై ప్రకటిత వెలలో 80 శాతం కావాలి. కనుక ప్రకటిత వెల 150. ఎక్కించవలసింది 50 శాతం.

మూడవది. 20 శాతం తగ్గింపు, ఆపైన మరో 10 శాతం. మొత్తం 30 కాదు. నూరు ఎనభై అవుతుంది, ఎనభై డెబ్భైరెండు అవుతుంది. తగ్గింది 28.

నాలుగవది నాకు చాలా ఇష్టం. రెండు వస్తువుల్ని ఒకే ధరకు అమ్మితే, ఒకదాని మీద 20 శాతం లాభం, రెండోదాని మీద 20 శాతం నష్టం వచ్చింది. సరికి సరేనా? రెండూ 120కి అమ్మాడనుకోండి. మొదటిది కొన్నది నూరుకి, రెండోది నూట యాభైకి. పెట్టింది 250, వచ్చింది 240. నూటికి 4 నష్టం. లాభం చిన్న మొత్తం మీద, నష్టం పెద్ద మొత్తం మీద వచ్చాయి కాబట్టి.

నాలుగింటిలోనూ తప్పు ఒక్కటే. వేరువేరు మొత్తాల మీది శాతాలను ఒకే గంపలో వేసి కూడడం, తీసివేయడం.

*

కోచింగ్ సెంటర్లలో దీనికొక మంత్రం చెబుతారు. a ప్లస్ b ప్లస్ ab బై నూరు. ఎక్కించినదానికి ప్లస్, దించినదానికి మైనస్. మొదటి లెక్కలో 40 లోంచి 25, ఆపైన 10 తీసేస్తే 5. క్షణంలో అయిపోతుంది. నేనీ మంత్రాన్ని తిట్టను. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి గ్రాడ్యుయేట్ స్థాయి పరీక్షలో మొదటి అంచెకు 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. అంటే ప్రశ్నకు 36 సెకన్లు. తప్పు జవాబుకు అర మార్కు కోత. రైల్వే వారి ఎన్.టి.పి.సి. మొదటి పరీక్షలో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు, తప్పుకు మార్కులో మూడో వంతు కోత. ఇంత ఇరుకులో కుర్రవాడు కూర్చుని తత్త్వవిచారం చెయ్యలేడు. ఏ పలుకుబడీ లేని ఊళ్ళోంచి, ఏ సిఫారసూ లేని ఇంట్లోంచి వచ్చినవాడికి ఆ పరీక్ష ఒక నిచ్చెన. ఆ నిచ్చెన ఎక్కడానికి సూత్రం కావలిస్తే పట్టుకోవలసిందే. ఇటువంటి పరీక్షలు ఎత్తివేయాలనే పెద్దలు, వాటి స్థానంలో ఏం పెడతారో ముందు చెబితే బాగుంటుంది. సిఫారసు ఉత్తరాలు పెడతారేమో!

నా ఫిర్యాదు వేరు. ఆ మూడో ముక్క, ab బై నూరు, ఏమిటని నా క్లాసులో ఎన్నోసార్లు అడిగాను. చెప్పినవాళ్ళు తక్కువ. అది నాన్నగారు చెప్పిన "పావలా మీద పావలా"యే. ఎక్కించిన భాగం మీద కూడా దించాం కాబట్టి వచ్చిన ముక్క. అది తెలిసినవాడికి సూత్రం మరచిపోయినా ఫరవాలేదు. తెలియనివాడికి సూత్రం గుర్తున్నా, పరీక్ష హాలు గుమ్మం దాటితే పనిచెయ్యదు. అందుకు నేనే సాక్షిని.

కాలిక్యులేటరు ఉంటే ఈ తిప్పలుండవని కొందరంటారు. జి.ఆర్.ఇ.లో కంప్యూటరు తెర మీదే కాలిక్యులేటరు ఇస్తారు. 2023 సెప్టెంబరు నుంచి కుదించిన పద్ధతిలో గణిత భాగానికి 27 ప్రశ్నలు, 47 నిమిషాలు. తప్పుకు కోత కూడా లేదు. అయినా ఈ లెక్క దగ్గర మనవాళ్ళు జారుతూనే ఉన్నారు. గుణకారం యంత్రం చేస్తుంది, ఒప్పుకుంటాను. దేనితో గుణించాలో యంత్రానికి ఎవరు చెప్పాలి?

పాత లెక్కలవాళ్ళు ఈ సంగతి బాగా ఎరుగుదురు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో వ్రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడి గ్రంథంలో త్రైరాశికానికి ఒక ప్రకరణమే ఉంది. త్రైరాశికంలోని మూడు రాశుల పేర్లు ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ముందు ప్రమాణం, అంటే దేని మీద అన్నది. ఆ తర్వాతే ఫలం. మన పెద్దలు కూడా "శాతం" అనేవారు కాదు, "నూటికి ఇంత" అనేవారు, "రూపాయికి పావలా" అనేవారు. ఆ "కి" విభక్తిలోనే ప్రమాణం దాగి ఉంది. నూటికి అనగానే, ఏ నూటికి అని అడగబుద్ధవుతుంది. శాతం అనే మాటకు ఆ తోక లేదు. ఒంటరిగా తిరుగుతుంది, ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటుంది. పరీక్షల్లో ఇంగ్లీషు ప్రశ్న చదివే తెలుగు మీడియం పిల్లలకు మరో చిక్కు. 25 శాతం తగ్గడం వేరు, 25 శాతానికి తగ్గడం వేరు. మొదటిదానిలో ముప్పాతిక మిగులుతుంది, రెండోదానిలో పావే మిగులుతుంది. మన మాటలో ఆ తేడా "కి" దగ్గర స్పష్టంగా వినబడుతుంది. ఇంగ్లీషులో ఆ తేడా చూపేది రెండేసి అక్షరాల మాటే. అది చాలామంది కంటికి ఆనదు. ప్రశ్నను ఒకసారి మనసులో తెలుగు చేసుకుని చదువుకొమ్మని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి.

*

ఇదంతా పరీక్షల గొడవే కదా, బ్రతుకులో ఏం నష్టం అంటారా? రెండు సంగతులు చెబుతాను.

2025 సెప్టెంబరు 22 నుంచి వస్తు సేవల పన్ను రేట్లు మారాయి. స్నానం సబ్బు, తలనూనె, టూత్‌పేస్టు వంటి వాటి మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మా వీధిలో చదువుకున్న ఒకాయన కిరాణా కొట్టు మీదికి యుద్ధానికి వెళ్ళాడు. "పద్దెనిమిదిలోంచి అయిదు పోతే పదమూడు. 59 రూపాయల సబ్బు మీద 13 శాతం తగ్గితే 51 రూపాయల 33 పైసలు. నువ్వు 52.50 ఎట్లా తీసుకుంటావు? రూపాయి పదిహేడు పైసలు నొక్కేస్తున్నావు" అని నలుగురిలో నిలదీశాడు. కొట్టువాడు పాపం సరైన ధరే తీసుకుంటున్నాడు. పన్ను లేని ధర 50. దాని మీద 18 శాతం 9 రూపాయలు, కలిపితే 59. కొత్తగా 5 శాతం రెండున్నర, కలిపితే 52.50. పన్ను శాతం 50 రూపాయల మీద. తగ్గింపు మనం చూసేది 59 రూపాయల మీద. అందువల్ల వినియోగదారుడికి కనబడే తగ్గుదల 118లో 13, అంటే దాదాపు 11 శాతమే. ఒక డిగ్రీ చదివినవాడు ఒక నిజాయితీపరుణ్ణి వీధిలో దొంగ అన్నాడు. నేను శేషయ్యగారిని చూసిన చూపే అది.

రెండోది ఇంకా పెద్దది. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి బ్యాంకు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని, అప్పులు మంజూరు చేసే సీటులో కూర్చున్నాడు. ఒక చిన్న వర్తకుడు అప్పుకోసం వచ్చి, "ఏడాదికి ఇరవై లక్షల అమ్మకం సార్, నూటికి పాతిక లాభం" అన్నాడట. మనవాడు ఇరవై లక్షల్లో పాతిక శాతం అయిదు లక్షలని వ్రాసుకుని, దాన్నిబట్టి నెలసరి వాయిదా కట్టాడు. వర్తకుడు చెప్పింది కొన్న వెల మీద పాతిక. పదహారు లక్షలకు కొని ఇరవై లక్షలకు అమ్ముతాడు. లాభం నాలుగు లక్షలు. అద్దె, కరెంటు, కుర్రవాడి జీతం అందులోంచే పోవాలి. లేని లక్ష మీద కట్టిన వాయిదా అతను ఎక్కడినుంచి తెస్తాడు? ఏడాది తిరగకుండా బకాయి పడ్డాడు. ఆ అబ్బాయి నా దగ్గరకు వచ్చి, "ఇద్దరమూ నిజమే చెప్పుకున్నాం మాష్టారూ, దేని మీద అని నేను అడగలేదు" అన్నాడు. కంటతడి పెట్టుకున్నాడు. మంచివాడు కాబట్టి వాయిదాలు సవరించే ఏర్పాటు చేయించాడు. కాని అందరికీ అటువంటి అధికారి దొరకడు కదా!

*

ప్రశ్నలు తయారుచేసే పెద్దలతో కూడా నాకొక తగువు ఉంది. మీ ప్రశ్నల్లో వర్తకుడు ఎప్పుడూ మోసగాడే ఎందుకవుతాడు? "కొన్న ధరకే అమ్ముతున్నానని చెప్పి కిలోకు 900 గ్రాములే తూచే వర్తకుడి లాభశాతమెంత?" ప్రతి పుస్తకంలోనూ ఉంటాడీ మహానుభావుడు. 900 గ్రాముల మీద 100 గ్రాములు, కనుక 11 1/9 శాతం. లెక్క మంచిదే, ఇక్కడా ప్రశ్న "దేని మీద" అన్నదే. కాని కొట్టు అద్దె కట్టే వర్తకుడు, పండగకు అమ్ముడుపోని సరుకును చూసి నిద్రపట్టని వర్తకుడు, అప్పు పెట్టి ఎగ్గొట్టిన ఖాతాదారును మళ్ళీ నవ్వుతూ పలకరించే వర్తకుడు ఒక్క ప్రశ్నలోనూ కనబడడు. బట్టల కొట్టు బియ్యంతో చదువుకున్నవాణ్ణి, ఈ మాత్రం కోపం నాకుండదా?

నిజమే, తగ్గింపుల పేరుతో మోసాలు లేకపోలేదు. ధర పెంచి తగ్గింపు అని బోర్డు కట్టేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడు సెల్‌ఫోను తెర మీదా ఉన్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల మాట ఉంది. చట్టం ఉన్నా, "80 శాతం తగ్గింపు" అని చూడగానే దేని మీద అని అడిగే బాధ్యత కొనేవాడిదే. 1979లో నేను చేసిందీ ఆ కోవలోదేనని ఒప్పుకుంటున్నాను. నాన్నగారు నన్ను రెండు తప్పులకూ చీవాట్లు పెట్టారు. "తగ్గింపు బోర్డే పెట్టదలిస్తే, నాలుగుకి ఒకటి దించడానికి మూడుకి ఒకటి ఎక్కించి ఉండాల్సింది. నాలుగుకి ఒకటి ఎక్కించినవాడివి అయిదుకి ఒకటే దించాల్సింది. అది లెక్క. అసలు ఎక్కించి దించడమెందుకురా, ఉన్న ధర ఉన్నట్టు చెప్పక? అది వ్యాపారం" అన్నారు.

ఆ మొదటి మాటను నేను సర్వీసంతా క్లాసులో వాడుకున్నాను. శాతాలను భిన్నాలు చేసుకుంటే ఈ లెక్కలు నోటితో అయిపోతాయి. పాతిక శాతం ఎక్కించడమంటే నాలుగు అయిదు కావడం. తిరిగి నాలుగు కావాలంటే అయిదులో ఒకటి, అంటే 20 శాతం దించాలి. మూడో వంతు ఎక్కితే నాలుగో వంతు దిగాలి. కొన్న వెల మీద పాతిక శాతం లాభం, అమ్మిన వెల మీద ఇరవై శాతం. బ్యాంకు సీటులోని ఆ అబ్బాయికి కావలసింది ఈ ఒక్క ముక్కే. కాగితం మీద చేసేవాళ్ళు కొన్న వెల, ప్రకటిత వెల, అమ్మిన వెల అని మూడు గళ్ళు గీయండి. దేని శాతం చెప్పారో ఆ గడిలో నూరు వేయండి. ఏ గడిలోనుంచి ఏ గడిలోకి వెళ్తున్నారో బాణం గీయండి. బాణం మొదలే ప్రమాణం. అలవాటైతే 36 సెకన్లు చాలు, సూత్రమూ అక్కరలేదు.

*

చివరగా రెండు సూచనలు. అధ్యాపక మిత్రులకు మొదటిది. మనం ఇంటర్నల్ పరీక్షల్లో కూడా జవాబునే అడుగుతున్నాం. ఒక్క ప్రశ్న తిరగేసి అడిగి చూడండి: "ఈ లెక్కకు 15 శాతం అని ఒక విద్యార్థి జవాబు వ్రాశాడు. అతను ఎక్కడ పొరబడ్డాడో రెండు వాక్యాల్లో చెప్పండి." దీనికి సూత్రం పనిచేయదు, నాలుగు జవాబుల్లోంచి ఏరుకోవడం కుదరదు. తప్పును చూసి తప్పెక్కడో చెప్పగలిగినవాడికే ఆ లెక్క వచ్చినట్టు. కామర్సు వారూ, లెక్కల వారూ కలిసి చేస్తే మరీ మంచిది.

రెండోది విద్యార్థి సంఘానికి. వార్షికోత్సవాల్లో నాటికలూ పాటల పోటీలూ పెడుతున్నారు, సంతోషం. ఈసారి నాలుగు రోజుల పాటు ఒక చిన్న అంగడి పెట్టండి. నోటు పుస్తకాలో, పెన్నులో, వేరుశనగ ఉండలో, ఏదైనా సరే. టోకున కొనండి, చీటీలు వేయండి, కావలిస్తే తగ్గింపూ ఇవ్వండి. చివరి రోజున చిట్టా వ్రాసి నోటీసు బోర్డుకు అంటించండి. లాభమొస్తే పేద విద్యార్థుల పరీక్ష ఫీజుకు జమ కట్టండి. నష్టమొస్తే ఇంకా మంచిది, ఆ అణా ఎక్కడికి పోయిందో అందరూ కలిసి వెదకండి. మొదటి చందా అయిదు వందలు ఈ వ్యాసంతోపాటే పంపుతున్నాను.

ఆ అంకె ఎందుకో మీకు తెలుసు. నాన్నగారు పోయిన తర్వాత పాత ఆవర్జా పుస్తకాలు తిరగేస్తుంటే 1979 జనవరి పద్దులు కనబడ్డాయి. ఆ అయిదు వందల్ని ఆయన నష్టం కింద వ్రాయలేదు. "అబ్బాయి చదువు నిమిత్తం" అని వ్రాసి, ఖర్చు కింద కట్టారు.